గణాలు సరిపోయాయి, అన్వయం మాటేమిటి?



ఛందస్సు చెప్పుకొని బ్రతికినవాడు కెర్నెలులోని తాళాలను గురించి వ్రాయబూనడమేమిటని మీలో కొందరికి నవ్వు రావచ్చు. రానివ్వండి. టెక్కలి పరిసరాల బడులలో ముప్పయి ఏళ్ళకు పైగా సంధులూ సమాసాలూ బోధించి విశ్రాంతి తీసుకొన్నవాడిని. సి భాష నాకు రాదు. అయినా మొన్న సంక్రాంతికి నా పూర్వ విద్యార్థి ఒకడు ఉద్దానంలోని తన ఊరికి పోతూ కాశీబుగ్గలో మా ఇంటి గుమ్మం ఎక్కాడు. హైదరాబాదులో ఒక సంస్థలో లినక్సు కెర్నెలుకు డ్రైవర్లు వ్రాసే ఉద్యోగం వాడిది. కుశల ప్రశ్నలయ్యాక, ముఖం అంత చిన్నబోయి ఉందేమిరా అని అడిగాను.

“ఈ నెలాఖరుకల్లా తాళాల హెచ్చరికలు సున్నా కావాలన్నారు మాస్టారూ. నాలుగు వందల పైచిలుకున్నాయి. సగం ఉత్తుత్తివే. ఒక్కొక్క చోట ఒక్కొక్క పంక్తి చేరిస్తే చాలు, నోరు మూసుకుంటాయి.”

“మరి మిగిలిన సగం?”

“అవీ మూసుకుంటాయి మాస్టారూ. అదే భయం.”

ఆ సాయంకాలం వాడు ల్యాప్‌టాపు ఒళ్ళో పెట్టుకొని నాకు రెండు గంటలు పాఠం చెప్పాడు. శిష్యుని వద్ద శిష్యరికం చేయడంలో ఒక సుఖముంది. తెలియదని చెప్పడానికి సిగ్గుపడనక్కరలేదు. ఆ తరువాత నా అంతట నేను చదువుకొన్నదీ, నాకు తోచినదీ కలిపి ఈ టపా వ్రాస్తున్నాను. పొడుగైనందుకు మన్నించాలి.

కెర్నెలు అన్న మాటను మా పలాసవారికి ఎవరూ అనువదించి చెప్పనక్కరలేదు. జీడిపప్పుకు ఇంగ్లీషువాడు పెట్టిన పేరే అది. పిక్కకు పైన పెంకు, లోపల పప్పు. సంగణకంలోనూ మనతో మాటలాడే పైభాగం షెల్, అనగా పెంకు. లోపల ఉండి యంత్రభాగాలన్నిటినీ పంచిపెట్టే పెత్తనదారు కెర్నెలు. మా ఊరి కర్మాగారాలలో పప్పును తరగతులుగా ఏరే ఆడవాళ్ళను చూడండి. పౌనుకు సుమారు మూడు వందల ఇరవై తూగే నిండు పప్పు డబ్ల్యు-320. బద్ద వేరు, ముక్క వేరు, మచ్చపడ్డది వేరు. ఒక్క పప్పునైనా కొరికి చూడరు. కంటితో చూసి, వ్రేలితో త్రోసి దోషం చెబుతారు. ప్రోగ్రామును నడపకుండా, వ్రాసినది వ్రాసినట్లు చదివి దోషం చెప్పే సాధనాలకు స్టాటిక్ ఎనాలిసిస్ అని పేరట. నేను దానిని స్థిరపరిశీలన అనుకొంటున్నాను. ఇంతకంటె మంచి మాట తోచినవారు చెప్పండి.

ఇక తాళం. నౌపడా నుంచి టెక్కలి, పాతపట్నాల మీదుగా పర్లాకిమిడికి 1900లో వేసిన చిన్నపట్టాల రైలు 2004 వరకు నడిచింది. మా తరంవారు దాని కిటికీలో చేయి పెట్టుకొని పెరిగినవారే. ఒంటిపట్టా దారిమీద రెండు బండ్లు ఎదురెదురుగా వస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు కనుక, ఒంటిలైను దారులలో రైల్వేవారు టోకెను పద్ధతి పాటించేవారు. ఆ రెండు స్టేషన్ల నడుమ సాగాలంటే డ్రైవరు చేతికి గోళమున్న చక్రం అందాలి. ఆ గోళం ఒక్కటే బయటికి వస్తుంది; అది తిరిగి పెట్టెలో పడేదాకా రెండవది రాదు. కెర్నెలులోని తాళం సరిగా ఇదే. నేటి యంత్రాలలో నాలుగో ఎనిమిదో అంతకు మించియో మెదళ్ళుంటాయి. అన్నీ ఒకే జాబితాను ఒకేసారి తిరగవ్రాయబోతే ఆ జాబితా చిందరవందర అవుతుంది. అందువలన తాళం పట్టినవాడే ముట్టుకోవాలి; ముట్టుకొన్నాక విడవాలి. స్పిన్‌లాక్ అనే ఒక జాతి తాళానికి ఇంకొక కట్టుబాటు ఉంది: దానిని చేతబట్టినవాడు నిద్రపోరాదు. వాడు నిద్రపోతే బయట దానికోసం ఎదురుచూసే మెదళ్ళు గిరగిర తిరుగుతూనే ఉంటాయి.

విడవకపోతే? ఇక్కడే అసలు చిక్కు. ఒక ప్రమేయం తాళం పట్టింది. నడుమ జ్ఞాపకస్థలం అడిగింది, దొరకలేదు. దోషం అని చెప్పి మధ్యలోనే వెనుదిరిగింది, తాళం విడవకుండా. వీధి తలుపుకు లోపల గడియ పెట్టి, దొడ్డిదారిన వెళ్ళిపోయినవాడి ఇల్లు అది. ఆ తరువాత తలుపు తట్టినవారందరూ వీధిలోనే. జ్ఞాపకస్థలం దొరకకపోవడం ఏ ఏడాదికో ఒకసారి జరిగే ముచ్చట కనుక నడిపి చూసే పరీక్షలో ఇది కనబడదు. చదివి చూసేవాడికి కనబడుతుంది, ఎందుకంటే వాడు నడిచిన దారులే కాదు, నడవగల దారులన్నీ చూస్తాడు. 2000 ప్రాంతంలో స్టాన్‌ఫర్డులో డాసన్ ఎంగ్లరు, ఆయన విద్యార్థులు ఈ రీతిగా చదివించి లినక్సు మొదలైనవాటిలో వందలకొద్దీ తప్పులు బయటపెట్టారు. అదే కాలాన మైక్రోసాఫ్టు పరిశోధనశాలలో థామస్ బాల్, శ్రీరామ్ రాజమణి కలిసి విండోసు డ్రైవర్లకోసం స్లామ్ అనే సాధనం కట్టారు; పట్టిన తాళాన్ని మళ్ళీ పట్టరాదు, విడిచినదాన్ని మళ్ళీ విడవరాదు అన్నది అది సరిచూసే నియమాలలో పేరుపొందినది. లినక్సుకు స్పార్స్ అనే సాధనాన్ని లైనస్ టోర్వాల్డ్సు 2003లో తానే వ్రాశాడు.

ఈ స్పార్స్ చేసే పనిని చూసి నేను పకపకా నవ్వాను, ఎనిమిదవ తరగతి పిల్లల గణవిభజన గుర్తుకు వచ్చి. తాళం పడితే ఒకటి కలుపుతుంది, విడిస్తే ఒకటి తీసివేస్తుంది. ప్రమేయం చివర లెక్క సరిపోకపోతే సమతూకం తప్పిందని అరుస్తుంది. అంతే. లఘువు, గురువు, లఘువు, గురువు. అర్థంతో పనిలేదు. ఏ తాళం పట్టాడో ఏ తాళం విడిచాడో కూడా దానికి పట్టదు. ఒకటి పట్టి వేరొకటి విడిచినా లెక్క సున్నాయే. పద్యం అర్థరహితమైనా గణాలు సరిపోతే బడిపిల్లవాడు ఉత్పలమాల అని వ్రాసి ఇచ్చేస్తాడు చూడండి, అలాగ.

తర్కశాస్త్రంలో లక్షణదోషాలు చెప్పేటప్పుడు ఆవును తెస్తారు. కొమ్ములున్నదే ఆవు అంటే గేదె కూడా ఆవైపోతుంది, అది అతివ్యాప్తి. ఎర్రనిదే ఆవు అంటే తెల్లావు దొడ్డి బయట నిలుస్తుంది, అది అవ్యాప్తి. స్పార్సుకు రెండూ ఉన్నాయి. పట్టినదొకటి విడిచినదొకటి అయినా ఊరకుండడం అవ్యాప్తి. ఇక అతివ్యాప్తికి వాడు చూపించిన ఉదాహరణ: వరుసగా ఒక జాబితాను చదివి చూపే చోట, మొదలు అనే ప్రమేయం తాళం పడుతుంది, ముగింపు అనే వేరొక ప్రమేయం విడుస్తుంది. రెండూ బుద్ధిపూర్వకమే. అయినా ఒకదానికి ఎక్కువైందనీ ఒకదానికి తక్కువైందనీ అరుపు. ఏ ప్రోగ్రామును గురించియైనా ఇటువంటి ప్రశ్నకు ఎల్లవేళలా తప్పని జవాబు చెప్పే సాధనం ఉండనే ఉండదని 1936లో ట్యూరింగు, 1953లో రైస్ నిరూపించిన సిద్ధాంతాలవలన తేలుతోంది. కనుక దోషం సాధనకర్తది కాదు. ఉత్తుత్తి అరుపులు ఈ విద్యలో తప్పనివి.

తప్పనివే కాని, ఉత్తుత్తి అరుపు చేసే చెరుపు చిన్నది కాదు. మా తీరంలో ఉన్నవారికి ఇది వేరే చెప్పాలా? తుపాను హెచ్చరిక వస్తుంది, గాలి వేరే దారి పడుతుంది. మళ్ళీ వస్తుంది, మళ్ళీ పోతుంది. మూడవసారికి మనిషి మంచం మీదనుంచి లేవడు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మా పలాస పక్కనే తీరం దాటింది. అంతకు ముందు రోజు కూడా “ఆఁ, ఎన్ని చూడలేదు” అన్నవారిని నేను చెవులారా విన్నాను. అన్నవారిలో నేనూ ఉన్నాను. తెల్లవారేసరికి ఉద్దానపు కొబ్బరితోటలు నేలమీద పరచిన చాపలాగ ఉన్నాయి. పిల్లల కాగితాలు దిద్దడంలోనూ ఇదే నేర్చుకొన్నాను. ప్రతి పంక్తికీ ఎర్రసిరా సున్న చుట్టే మాస్టరు దిద్దుబాటును పిల్లవాడు చదవడు. అందుచేత హెచ్చరికలు తగ్గించాలన్న ఆ సంస్థవారి కోరికను నేను తప్పు పట్టను. తగ్గించే దారి గురించే నా పేచీ.

హెచ్చరికను తృప్తిపరచడానికి కెర్నెలువారు కొన్ని గుర్తులు ఏర్పరచుకొన్నారు. అక్వైర్స్ అని ప్రమేయం తలమీద వ్రాస్తే, ఇది తాళం పట్టి అలాగే తిరిగివస్తుంది, తెలిసే చేస్తున్నాము అని అర్థం. రిలీజెస్ అంటే దానికి మారుది. మస్ట్‌హోల్డ్ అంటే, దీనిని పిలిచేవాడు ముందే తాళం పట్టి ఉండాలి అని. ఇవి ప్రతిజ్ఞలు, మంచివి. కాని ఇవి కాక ఇంకొకటి ఉంది. వట్టి రిలీజ్ అనే పంక్తి. దానిని మధ్యలో వ్రాస్తే స్పార్సు లెక్కలో ఒకటి తగ్గుతుంది, కాని యంత్రం నడిచేటప్పుడు ఆ పంక్తివలన ఏమీ జరగదు. తాళం విడవబడదు. విడిచాను అని పరీక్షకుడికి మాత్రం చెబుతుంది. నిజంగా అవసరమైన చోట్లు దానికీ ఉన్నాయి, లెక్కకు అందని రీతిలో తాళం మరొకచోట విడవబడే సందర్భాలలో. కాని చేతికందే అబద్ధం కూడా అదే. ఇన్స్పెక్షనుకు అధికారి వచ్చేరోజున రాని పిల్లలకు హాజరు వేసే అయ్యవార్లను నేను ఎరుగుదును. పట్టీలో లెక్క సరి, బెంచీలు ఖాళీ.

ఆ సాయంత్రం వాడు ఉత్తుత్తివని గీత గీసి ఉంచినవాటిలోనుంచి మూడింటిని కళ్ళు మూసుకొని ఎంచమన్నాను. మొదటి రెండూ నిజంగానే ఉత్తుత్తివి. మూడవదానిని వాడు నాకు వివరిస్తూ వివరిస్తూ ఆగిపోయాడు. తాళం ఎవరు విడుస్తారని నేను అడిగాను. పిలిచినవాడు విడుస్తాడు అన్నాడు. పిలిచినవాడిని చూపించు అన్నాను. ముగ్గురు పిలుస్తున్నారు. ఇద్దరు విడుస్తున్నారు. మూడవవాడు, దోషం వచ్చినప్పుడు, దొడ్డిదారిన పోతున్నాడు. వాడి ముఖంలో రంగు మారింది. ఆ చోట రిలీజ్ అన్న ఒక్క పంక్తి వ్రాసి ఉంటే ఆ గడియ పడ్డ ఇల్లు ఎన్నటికీ ఎవరికంటా పడేది కాదు. సాధనమే దానికి సాక్షి సంతకం పెట్టినట్లయ్యేది.

ఇది గోరంతను కొండంత చేయడం కాదా అనేవారికి రెండు సంగతులు. 2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్య రాష్ట్రాలలోనూ కెనడాలోని ఒంటారియోలోనూ కరెంటు పోయి ఇంచుమించు అయిదుకోట్ల మంది చీకటిలో పడ్డారు. తీగలు చెట్లకు తగలడం ఒక కారణం. ఆ సంగతి తెలుపవలసిన ఒహాయో కేంద్రపు హెచ్చరిక వ్యవస్థ గంటకు పైగా మూగబోయి ఉండడం మరొక కారణం. వారాల తరబడి వెదికితే తేలినదేమంటే, రెండు పనులు ఒకే సమాచారాన్ని ఒకేసారి వ్రాయబోయాయి. టోకెను లేకుండా రెండు బండ్లు. రెండవది తాళాలది కాదు, హెచ్చరికను తృప్తిపరచడం గురించినది. 2006లో డెబియన్ పంపిణీలో, జ్ఞాపకస్థలాన్ని పరిశీలించే ఒక సాధనం మొరపెడుతోందని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ నుంచి కొద్ది పంక్తులు తొలగించారు. తొలగించినవారు అజాగ్రత్తపరులు కారు, ముందుగా అడిగారు కూడా. మొర ఆగింది. కాని రహస్యపు తాళపుచెవులకు యాదృచ్ఛికతను అందించేవి ఆ పంక్తులే. 2008 మేలో బయటపడేనాటికి, ఆ రెండేళ్ళలో అలా పుట్టిన చెవులు ఒక్కొక్క రకానికి 32,768 లోపలే ఉన్నాయని తేలింది. ఓపికున్నవాడు అన్నీ వేసి చూడవచ్చు.

అయితే నెలాఖరుకు సున్నా అన్న ఆజ్ఞకు బదులు ఏమి కోరాలి? నా మాట ఇది. హెచ్చరిక అంటే తీర్పు కాదు, సందర్భం తెలియని పిల్లవాడు అడిగిన ప్రశ్న. పిల్లవాడి ప్రశ్నకు చెంపదెబ్బ జవాబు కాదు. వాడు ఏడుపు మానడానికి చేతిలో బెల్లంముక్క పెట్టడమూ జవాబు కాదు. ఈ తాళం ఎవరు పట్టారు, దేనిని కాపాడటానికి, ఎవరు విడుస్తారు అన్నది ఒక్క వాక్యంలో, ఆ పంక్తి పక్కనే, తరువాత వచ్చేవాడు చదివేటట్లు వ్రాయాలి. వ్రాయలేకపోతే అది ఉత్తుత్తి హెచ్చరిక అనే అధికారం మనకు లేదు. సంఖ్యకు గడువు పెట్టదలిస్తే, క్రొత్తగా వ్రాసేదానిలో ఒక్కటీ రానీయరాదన్న నియమం పెట్టండి. పాతవాటికి వాక్యాలు లెక్కపెట్టండి, నిశ్శబ్దాలు కాదు.

వాక్యం వ్రాయకపోతే ఏమవుతుందో లినక్సువారి చరిత్రలోనే ఉంది. 1996లో ఒకటికంటె ఎక్కువ మెదళ్ళతో నడవడం మొదలుపెట్టినప్పుడు వారు కెర్నెలు అంతటికీ ఒకే పెద్దతాళం పెట్టారు. ఊరందరి ఇళ్ళకూ ఒకే చెవి. ఆ కాలానికి అదే వివేకం. కాని దానిని తీసివేయడానికి 2011 దాకా పట్టింది. తీయడం కష్టమై కాదు. ఏ చోట అది దేనిని కాపాడుతోందో ఎవరూ వ్రాసి ఉంచలేదు కనుక. ప్రతి గదిలోనూ వెళ్ళి, ఇక్కడ గడియ ఎందుకు పెట్టారని గోడలను అడగవలసి వచ్చింది. (మా తాతగారి భోషాణానికి ఈనాటికీ తాళం ఉంది. చెవి ఉంది. లోపల ఏముండేదో చెప్పేవారు లేరు. అదలా ఉంచండి.)

కెర్నెలువారే స్పార్సు అరుపులను చాలాకాలంగా పట్టించుకోవడం మానేశారనీ, నడిచేటప్పుడు తాళాల వరుస కనిపెట్టే లాక్‌డెప్ 2006 నుంచి ఉన్నదనీ, ఇక చదివి చూడడం దేనికనీ మావాడి సహోద్యోగుల వాదమట. లాక్‌డెప్ గొప్పదే. ఒకడు కవ్వం పట్టుకొని కుండ కోసం, మరొకడు కుండ పట్టుకొని కవ్వం కోసం కాచుకొని కూర్చునే పీటముడిని, అది బిగుసుకోకముందే చెప్పగలదు. కాని నడిచిన దారినే అది చూస్తుంది. దొడ్డిదారిన ఎవరూ నడవనంతకాలం దానికీ తెలియదు. స్పార్సుపై విసుగు మాత్రం న్యాయమైనది. అందుకే 2025లో గూగులుకు చెందిన మార్కో ఎల్వర్ క్లాంగు కంపైలరు ఆధారంగా వేరొక పద్ధతిని కెర్నెలువారి ముందు పెట్టారు. అందులో తాళం లెక్కతో సరిపెట్టరు. ఈ సమాచారాన్ని ఈ తాళమే కాపాడుతుంది అని ప్రకటన దగ్గరే వ్రాస్తారు. ఆ తాళం లేకుండా దానిని ముట్టుకొంటే కంపైలరు ఒప్పుకోదు. ఇది విన్నప్పుడు పండితుడికి ప్రాణం లేచివచ్చింది. గణవిభజన పోయి అన్వయం వచ్చింది! ఈ కర్త ఏ క్రియకు, ఈ విశేషణం ఏ విశేష్యానికి అని అడగడం మొదలుపెట్టారన్నమాట. ఒక్కటే సందేహం. అన్వయం వ్రాసేవాడు మనిషే. నెలాఖరుకు సున్నా కావాలంటే ఆ గుర్తునూ అబద్ధంగా వ్రాయవచ్చు. ఇక్కడ పరిశీలించకు అని ప్రమేయం తలమీద వ్రాసే వీలు అందులోనూ ఉంది.

మా అన్నయ్యకు మూత్రపిండాలు చెడ్డాయి. ఉద్దానంలో ఈ మాట కొత్త కాదు. వారానికి రెండుసార్లు పలాసలో డయాలసిస్‌కు తీసుకొనిపోతాను. నాలుగు గంటలు పక్కన కూర్చోవడమే నా పని కనుక యంత్రాన్ని చూస్తూ ఉంటాను. అది ఏదో ఒకటి కూస్తూనే ఉంటుంది. అక్కడి సిస్టరమ్మ వస్తుంది, ముందు మీట నొక్కి కూత ఆపుతుంది. ఆపినా అది కాసేపే. మళ్ళీ కూసేటట్లే దానిని చేశారు. ఆ కాసేపటిలో ఆమె గొట్టం వెంట చేయి పోనిచ్చుకొంటూ యంత్రం నుంచి అన్నయ్య మోచేతి దాకా వస్తుంది. ఎక్కువసార్లు అన్నయ్య నిద్రలో చేయి మడిచి ఉంటాడు. “తాతగారూ, చెయ్యి కొంచెం తిన్నగా పెట్టండి” అంటుంది. ఒక్కోసారి ఏమీ కనబడదు; అప్పుడు పక్కనున్న కాగితం మీద ఏదో వ్రాసి పోతుంది. ఏమి వ్రాశావమ్మా అని ఒకసారి అడిగాను. “ఎందుకు మోగిందో తెలీలేదని రాశానండి, రాత్రి డ్యూటీకొచ్చే సిస్టర్ చూస్తుంది” అంది.

ఈ సంగతి సంక్రాంతినాడే మావాడికి చెప్పాను. ఫిబ్రవరి మొదటివారంలో ఫోను చేశాడు.

“సున్నా కాలేదు మాస్టారూ. అరవై మూడు మిగిలాయి. వాటి పక్కన కారణం తెలియలేదని రాసి పెట్టాను. పోయినవాటిలో పదకొండు నిజమైనవే.”

“మీ పైవాళ్ళేమన్నారురా?”

“ఇంకా చదవలేదు మాస్టారూ.”